పద్దు ఎవరు రాశారు, ఎవరు చూశారు

కామర్స్ శాఖల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు నాకు తరచుగా ఫోన్ చేస్తుంటారు. పాఠం ఎలా చెప్పాలి, పరిశోధనకు ఏ అంశం తీసుకోవాలి, ప్రమోషన్‌కి ఎన్ని పేపర్లు కావాలి, ఈ మూడే అడుగుతారు. ఎవరికి వారికి విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. నేను డిగ్రీ కాలేజీలో మొదలుపెట్టి యూనివర్సిటీలో రిటైరైన మనిషిని. అకౌంటింగ్ తప్ప మరో సబ్జెక్టు మీద మనసు పెట్టలేదు. ఆ ఒక్క సబ్జెక్టూ నాకు నేర్పినవే ఇవి.

1. సూత్రం తర్వాత, ముందు బిల్లులు

బీకాం మొదటి సంవత్సరం పిల్లలు రెండో వారానికల్లా సూత్రాలు అప్పజెప్పేస్తారు. వచ్చేదాన్ని డెబిట్ చేయండి, వెళ్లేదాన్ని క్రెడిట్ చేయండి. యజమాని సొంత డబ్బు పెట్టి షాపు తెరిస్తే ఆ మూలధనం అప్పుల వైపు ఎందుకు కూర్చుంటుందని అడిగితే మాత్రం తరగతి మొత్తం మౌనం. సూత్రం నోటికి వచ్చింది గాని, దాని కింద ఉన్న లావాదేవీ కంటికి కనిపించలేదు.

అందుకని మొదటి నెల సూత్రాల జోలికి పోవద్దు. ఒక కిరాణా షాపు నుంచి ఒక నెల కాగితాల కట్ట తెప్పించండి. టోకు వర్తకుడి బిల్లు, కరెంటు బిల్లు, అద్దె రసీదు, అరువు పుస్తకంలో రెండు పేజీలు, యజమాని ఇంటికి పట్టుకెళ్లిన బియ్యం బస్తా గురించి ఒక చీటీ. ఆ కట్ట పిల్లల చేతికిచ్చి, ఈ నెల ఆయనకి ఏం మిగిలిందో చెప్పమనండి. వాదులాట మొదలవుతుంది. అరువుకి అమ్మింది అమ్మకమేనా? డబ్బు రాలేదు కదా! ఇంటికి తీసుకెళ్లిన బియ్యం షాపు ఖర్చా, ఆయన సొంత వాడకమా? ఇంటి ఓనరుకిచ్చిన అడ్వాన్సు ఖర్చు రాయాలా? ఆ వాదులాటలోనే వ్యాపారం వేరు, యజమాని వేరు అన్న సంగతి వాళ్లకి వాళ్లే కనిపెడతారు. మనం చేయాల్సిందల్లా వాళ్లు కనిపెట్టినదానికి పేరు పెట్టడం.

ఒకసారి ఇదే పాఠంలో ఒక అమ్మాయి తల్లి నడిపే డ్వాక్రా సంఘం పుస్తకం పట్టుకొచ్చింది. తల్లి ఆ సంఘానికి రెండో లీడరు. నెలనెలా సభ్యులు కట్టే పొదుపును తరగతిలో చాలామంది సంఘం ఆదాయం కింద రాశారు. డబ్బు వచ్చింది కాబట్టి ఆదాయమేనన్నది వాళ్ల లెక్క. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మేడమ్, మా అమ్మ సంఘంలోంచి బయటికొస్తే ఆ డబ్బు వెనక్కివ్వాలి. అది సంఘం డబ్బు ఎలా అవుతుంది?" అంది. సభ్యుల పొదుపు సంఘానికి అప్పు, ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ మాత్రమే ఆదాయం. మూలధనం అప్పుల వైపు ఎందుకుంటుందో ఆ పూట ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. ఎవరికి ఎవరు బాకీ అన్న ప్రశ్న ఇంట్లో రోజూ వినే పిల్లలు మన తరగతుల్లో చాలామందే ఉంటారు. వాళ్లని మాట్లాడించండి.

2. సరిపోయిన అంకణా దగ్గర ఆగకండి

అంకణా రెండువైపులా సరిపోతే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఆ సంతోషం నాకూ ఇష్టమే. కానీ అసలు రాయని పద్దు, తప్పు ఖాతాలో పడిన పద్దు, ఒకదాన్నొకటి కప్పేసే రెండు తప్పులు, ఇవేవీ అంకణాలో బయటపడవని పాఠ్యపుస్తకం ఒక పేరాలో చెప్పి వదిలేస్తుంది. ఆ ఒక్క పేరాకి నేను వారం రోజుల క్లాసులు కేటాయించేదాన్ని. దానికి కావలసిన ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి రాసిన ఉత్తరాన్ని అకౌంటింగ్ చెప్పే ప్రతి మాస్టారూ తరగతిలో చదివించాలి. ఆ వార్త వచ్చిన రోజుల్లో మా పూర్వ విద్యార్థుల ఇళ్లలో ఎంత దిగులుందో నాకు తెలుసు. సుమారు 50 వేల మంది బతుకులు ఆ కంపెనీ మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే దాన్ని ఒక నేర కథలాగా నేనెప్పుడూ చెప్పలేదు, పద్దులుగా చెప్పాను.

2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చేది ఉన్నట్టు చూపారు. 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లోకి ఎక్కలేదు. బాకీదారుల నుంచి రావలసింది 490 కోట్లు ఎక్కువ చేసి చూపారు. ఆ త్రైమాసికంలో రాబడి 2,700 కోట్లని, నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజం రాబడి 2,112 కోట్లు, నిజం లాభం 61 కోట్లు.

ఇక్కడ బోర్డు మీద తీసివేతలు చేయించండి. 2,700లోంచి 2,112 పోతే 588. 649లోంచి 61 పోతే అదీ 588. రాబడి ఎంత పెంచారో లాభం సరిగ్గా అంతే పెరిగింది, ఎందుకంటే లేని అమ్మకానికి ఖర్చు ఉండదు. లాభం 588 కోట్లు పెరిగితే ఆస్తి-అప్పుల పట్టీలో దానికి జత ఎక్కడ? క్రెడిట్ రాశాక డెబిట్ రాయక తప్పదు. ఆ త్రైమాసికంలో బ్యాంకు నిల్వ దొంగగా పెరిగిందీ 588 కోట్లేనని ఉత్తరమే చెబుతుంది.

తర్వాత అడగాల్సింది, ఆ డెబిట్ బ్యాంకు ఖాతాలోకే ఎందుకు పోయింది అని. మొదట అది బాకీదారుల ఖాతాలో కూర్చోవచ్చు. కానీ లేని కస్టమరు ఎప్పటికీ డబ్బు కట్టడు. ఆరు నెలలు దాటిన బాకీలు పెరిగిపోతే చూసే ప్రతివాడూ ఎందుకని అడుగుతాడు. కాబట్టి వసూలైనట్టు రాయాలి. వసూలైతే బ్యాంకులో పడాలి. బ్యాంకులో అంత డబ్బుంటే వడ్డీ రావాలి, అందుకే ఆ 376 కోట్లు. ఒక అబద్ధపు పద్దు తన వెనక ఇంకెన్ని పద్దుల్ని లాక్కొస్తుందో విద్యార్థి తన చేత్తో రాసి చూడాలి. 2008 డిసెంబరులో రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు కొంటామని ప్రకటించి, వాటాదారులు గొడవ చేస్తే వెనక్కి తగ్గిన సంగతి అప్పుడు చెప్పండి. లేని నగదుని క్రెడిట్ చేసి, ఉన్న ఆస్తిని డెబిట్ చేయాలన్న ఆఖరి ప్రయత్నం అది. తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి కూడా ఆ జర్నల్ పద్దు దానంతట అదే తడుతుంది.

జంట పద్దు విధానం అబద్ధాన్ని ఆపలేదు. అబద్ధాన్ని ఒకచోటికి తోసింది, అంతే. ఆ చోటికి వెళ్లి చూడటం మనిషి పని. బ్యాంకు నిల్వ ఎంతో ఆడిటరు నేరుగా బ్యాంకుకే రాసి, జవాబు నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి. కంపెనీ చేతిమీదుగా వచ్చిన కాగితం చాలదు. సత్యం ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు అమెరికా ఎస్ఈసీ 2011లో 60 లక్షల డాలర్ల జరిమానా వేసినప్పుడు ప్రధానంగా ఎత్తిచూపింది ఈ వైఫల్యాన్నే. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక పరీక్షలో తేలిగ్గా మార్కులొచ్చే లెక్క అని పిల్లలు అనుకుంటారు. ఆ చిన్న పట్టిక అంత పెద్ద కంపెనీలో నిజాయితీగా జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పండి.

3. చిన్న ప్రశ్న, ఓపికైన జవాబు

పరిశోధన సంగతి అడిగితే నేను 1968కి వెళతాను. రే బాల్, ఫిలిప్ బ్రౌన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్లు షికాగోలో చదువుకుంటూ ఒక ప్రశ్న వేసుకున్నారు. కంపెనీలు ప్రకటించే వార్షిక లాభం అంకె వాటాదారుడికి ఏమైనా చెబుతోందా? రకరకాల పద్ధతుల్ని కలిపి తయారైన ఆ అంకెకి అర్థమే లేదని అప్పట్లో చాలామంది పండితులు వాదిస్తుండేవారు. వీళ్లు వాదించలేదు. 261 కంపెనీల లాభాలు, వాటి షేర్ల ధరలు పక్కపక్కన పెట్టి చూశారు. అంకెలో సమాచారం ఉందని తేలింది. అయితే అందులో 85 నుంచి 90 శాతం వార్షిక నివేదిక రాకముందే మార్కెట్టుకి చేరిపోతోందనీ తేలింది. ఇంకో వింత, ప్రకటన అయిపోయాక కూడా ధరలు అదే దిక్కున కొంతకాలం జరుగుతూనే ఉన్నాయి. ఎందుకు జరుగుతున్నాయో తేల్చడానికి తర్వాతి తరాల పరిశోధకులు ఎన్నో ఏళ్లు వెచ్చించారు.

ఆ పేపర్ని మొదట పంపిన పత్రిక, ఇది అకౌంటింగే కాదని తిప్పి పంపింది. జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్ దాన్ని వేసుకుంది. అకౌంటింగ్ పరిశోధన ఆ తర్వాత నడిచిన దారి అంతా చాలావరకు దాని నుంచే వచ్చింది. యేల్‌లో పనిచేసిన మన దేశపు శ్యామ్ సుందర్ తొలి పని కూడా ఆ దారిలోనే సాగింది. సరుకు విలువ కట్టే పద్ధతి మార్చుకుని కాగితం మీద లాభం తగ్గించుకున్న కంపెనీల షేరు ధర ఏమైందని ఆయన చూశారు. లాభం తగ్గినట్టు కనిపించినా ఆ కంపెనీలు పన్ను తక్కువ కట్టాయి, డబ్బు మిగిలింది. వాటి షేర్లు పడిపోలేదు. మదుపరి అంకె వెనక ఉన్న డబ్బుని చూడగలడా అన్నది అక్కడి ప్రశ్న.

మన దగ్గర పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల పేర్లు చూడండి. ఫలానా కంపెనీ ఆర్థిక పనితీరు, ఒక అధ్యయనం. ఫలానా బ్యాంకు నిర్వహణ మూలధనం, ఒక విశ్లేషణ. అయిదు అధ్యాయాలు, ఇరవై నిష్పత్తులు, చివర సూచనలు. అందులో ప్రశ్న ఎక్కడుంది? జవాబు ఇలా కాకుండా అలా వచ్చి ఉంటే పరిశోధకుడు ఆశ్చర్యపోయేవాడా? ఆశ్చర్యానికి చోటు లేని అంశమైతే అది పరిశోధన కాదు, సుదీర్ఘమైన హోంవర్కు. నా దగ్గరికి వచ్చిన ప్రతి స్కాలర్నీ ముందు అంశం పేరు చెప్పనిచ్చేదాన్ని కాదు. ప్రశ్నార్థకంతో ముగిసే ఒక్క వాక్యం తెమ్మనేదాన్ని. కొందరికి ఆ వాక్యం దొరకడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాది దండగ కాదని వాళ్లకి తర్వాత తెలిసింది.

4. డేటా ఎక్కడ పుట్టిందో వెళ్లి చూడండి

ప్రోవెస్ లాంటి డేటాబేసులు వచ్చాక వేల కంపెనీల అంకెలు ఒక్క నొక్కుతో దిగుతున్నాయి. మంచిదే. మా రోజుల్లో వార్షిక నివేదికల కోసం కంపెనీలకి ఉత్తరాలు రాసి ఎదురుచూసేవాళ్లం. కానీ పుస్తకాన్ని చేత్తో తిరగేసినవాడికి తెలిసే సంగతి, దిగుమతి చేసుకున్న ఫైలులో దొరకదు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల వసూళ్ల మీద నా స్కాలర్ ఒకరు పని చేశారు. జిల్లా నివేదికల ప్రకారం ఒక సంఘంలో వసూళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇద్దరం ఆ ఊరు వెళ్లి నగదు పుస్తకం తెరిచాం. మార్చి ఆఖరి వారం పేజీలో ఎడమవైపు ఒక రైతు పేర పాత అప్పు అసలు 40,000 జమ. అదే తేదీన కుడివైపు అదే రైతుకి కొత్త అప్పు 40,000 చెల్లింపు. వోచరు నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి. కింద ఇంకో రైతు, అలాగే. ఇంకో రైతు, అలాగే. పేజీ అడుగున చేతినిల్వ పొద్దున ఎంతుందో సాయంత్రానికీ దాదాపు అంతే. రైతు వడ్డీ మాత్రం తెచ్చి కట్టాడు, అసలు కాగితం మీద వచ్చి కాగితం మీద వెళ్లింది. సహకార రంగంలో అందరికీ తెలిసిన బుక్ అడ్జస్ట్‌మెంట్ ఇదే. నివేదికలో అది నూటికి తొంభై పైచిలుకు వసూలు.

ఆ సంఘం సెక్రటరీని నేను తప్పు పట్టను. వర్షం లేని ఏడాది రైతుని ఎగవేతదారుగా చూపిస్తే మరుసటి పంటకి అప్పు పుట్టదు. పైనుంచి వసూళ్ల లక్ష్యాలు వస్తాయి. ఆయన తన ఊరివాళ్లని కాపాడుకున్నాడు. పరిశోధకుడు ఇది తెలుసుకోకుండా ఆ తొంభై శాతాన్ని రిగ్రెషన్‌లో పెట్టి, రుణ క్రమశిక్షణ పెరిగిందని రాస్తే మాత్రం తప్పు అతనిదే. నా స్కాలర్ తన ప్రశ్నను మార్చుకున్నాడు. వసూలు శాతం బదులు, నగదు నిజంగా కదిలిన వసూలు ఎంత అన్నది లెక్కించాడు. ఆ థీసిస్‌లో నేను గర్వపడే అధ్యాయం అదే.

5. టాలీ వచ్చింది, మరి మనమెందుకు?

పిల్లలు అడిగే ప్రశ్నే ఇది, మర్యాదగానే అడుగుతారు. సూటిగా జవాబు చెప్పండి. కూడికలు యంత్రం చేస్తుంది. ఈ మరమ్మతు ఖర్చా, ఆస్తా? ఈ బాకీ వసూలవుతుందా, రద్దు చేయాలా? ఈ బిల్లు ఏ సంవత్సరానిది? ఇవి మనిషి నిర్ణయించి, సంతకం పెట్టి, రేపు జవాబు చెప్పుకోవలసినవి. సెమిస్టరులో సగం సమయం వీటికే ఇవ్వండి.

6. పేపర్ల లెక్క

2010లో యూజీసీ ఏపీఐ స్కోర్లు తెచ్చింది. ప్రమోషన్‌కి పేపరుకిన్ని పాయింట్లు. పాయింట్లు కొలిస్తే పాయింట్లే పుడతాయని అకౌంటింగ్ చదివిన మనకన్నా ఎవరికి బాగా తెలుసు? మేనేజరుకి అమ్మకాల మీద బోనస్ ఇస్తే మార్చి నెలలో అమ్మకాలు ఎలా పొంగుతాయో మనమే పాఠం చెబుతాం. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టాయి. 2018 మేలో యూజీసీయే తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికల్ని తొలగించింది. 2022 నిబంధనల్లో, పీహెచ్‌డీ సమర్పించడానికి ముందు పేపరు అచ్చయి తీరాలన్న షరతునూ ఎత్తేసింది.

ఆ పత్రికల్లో పేర్లున్నవాళ్లలో మంచి మాస్టార్లు, కష్టపడేవాళ్లు ఉన్నారు. నాకది ఇప్పటికీ బాధే. పిల్లల ముందు నిలబడి, ఆధారం లేని పద్దు రాయకూడదని చెప్పే మనిషి, ఎవరూ చదివి పరీక్షించని పేపరు తన బయోడేటాలో ఎలా రాసుకుంటాడు? రిఫరీ ఉత్తరం మన రంగంలో ఆడిటు నివేదిక. అది కటువుగా వస్తే దాచుకుని రెండోసారి చదవండి. మీ పనిని అంత శ్రద్ధగా చదివిన మనిషి మీ ఊళ్లో ఇంకెవరూ ఉండరు.

7. స్కాలర్ మీ పనివాడు కాదు

గైడు ఇంటికి కూరగాయలు తెచ్చే స్కాలర్లని నేను చూశాను. గైడు పేరు ముందు, తన పేరు వెనక పెట్టుకున్న స్కాలర్లనీ చూశాను. డేటా ఎవరు మోశారో, రాత్రిళ్లు ఎవరు కూర్చున్నారో వాళ్ల పేరే ముందుండాలి. నెలకోసారి అధ్యాయాన్ని బల్ల మీద పెట్టి, పెన్సిలు పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ప్రతి పట్టిక దగ్గరా ఆగి, ఈ అంకె ఏ పుస్తకంలో ఏ పేజీదో చూపించమనండి. మొదట్లో విసుక్కుంటారు. వైవా రోజున బయటి ఎగ్జామినరు సరిగ్గా అదే అడిగినప్పుడు తడుముకోరు.

8. స్పాట్ వాల్యుయేషన్‌లో

మొత్తం సరిపోలేదని గీత కొట్టేసి వెళ్లిపోకండి. తరుగుదల సరిగ్గా లెక్కించి, ముగింపు సరుకు మర్చిపోయిన పిల్లకీ, జవాబు పక్క పేపర్లోంచి దింపుకున్న పిల్లాడికీ తేడా పని వివరాల్లో కనిపిస్తుంది. రోజుకిన్ని పేపర్లని తరుముతారు, తెలుసు. అయినా పని వివరాలు చూడండి. ఆ పిల్ల మొదటి తరం చదువు కావచ్చు, ఆ నాలుగు మార్కులే ఆమెని డిగ్రీ దాటించవచ్చు.

9. సిలబస్ కోసం కూర్చోకండి

ఇండ్ ఏఎస్ 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకు వచ్చాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి లీజుల స్టాండర్డ్ మారింది. అంతకుముందు అద్దెకు తెచ్చిన విమానం చాలావరకు ఆస్తి-అప్పుల పట్టీలో కనిపించేది కాదు, అద్దె మాత్రం ఖర్చుగా పడేది. ఇప్పుడు వాడుకునే హక్కు ఆస్తిగా, కట్టాల్సిన అద్దెలు అప్పుగా ఎక్కాలి. ఇండిగో లాంటి, ఎక్కువ విమానాలు లీజుకి నడిపే సంస్థ పట్టీ ఒక్కసారిగా ఎలా బరువెక్కిందో రెండేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టి చూపించండి. పాత ప్రశ్నపత్రంలో ఈ లెక్క లేదని ఆగిపోతే, మన పిల్లలు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వెనకబడతారు.

10. ఊళ్లో పుస్తకాలు

మీ కాలేజీకి అయిదు కిలోమీటర్ల లోపు ఒక సహకార సంఘం, రెండు మూడు పొదుపు సంఘాలు, ఒక పాల కేంద్రం, ఒక రైస్ మిల్లు తప్పకుండా ఉంటాయి. ప్రిన్సిపల్ చేత ఒక ఉత్తరం రాయించుకుని వెళ్లండి. పాత సంవత్సరం పుస్తకాలు అడగండి, నడుస్తున్నవి కాదు. సభ్యుల పేర్లు, ఖాతా నంబర్లు తీసేసి నకలు చేసుకుంటామని ముందే చెప్పండి, అలాగే చేయండి. వేసవి సెలవుల ముందు నలుగురు విద్యార్థుల్ని పంపి, వాళ్లు తెచ్చిన కాగితాల నుంచే జూన్‌లో మొదటి పాఠం మొదలుపెట్టండి. పని అయ్యాక ఆ సంఘం వాళ్లకి, వాళ్ల లెక్కల్లో మీ పిల్లలు గమనించినది ఒక పేజీ తెలుగులో రాసి ఇచ్చి రండి. పై ఏడాది వాళ్లే పిలుస్తారు.